తొలి క్రిస్మస్‌నాడు పాప ఎదుగుదలను కెమెరాకు అప్పగించడం తప్పా?

కొత్తనాన్న: మా పాపకు 9 నెలలు నిండాయి. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసిన వెలుగుల నక్షత్రాన్ని అందుకోవాలని మొన్న సోఫా పట్టుకొని తనంతట తాను నిలబడింది. గదిలోని కెమెరా కదలికను పసిగట్టి ఆ క్షణాన్ని భద్రపరచడంతో, బోర్లాపడిన రోజు మొదలుకొని నేను యాప్‌లో రాసుకుంటున్న వరుసలో అదీ చేరింది. ఇది అతి అని బంధువులు అంటున్నారు. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల తల్లి: ఏడాదిలోపు పిల్లలకు తెర చూపించడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది. అయినా పాప చుట్టూ ఇన్ని పరికరాలు ఎందుకండీ?

కొత్తనాన్న: కెమెరా పాపను చూస్తుందే గాని, పాప చూసే తెర మా గదిలో లేదు. ఆ సూచన పిల్లలు తెర ముందు గడిపే సమయం గురించినదండీ.

పాత సభ్యుడు: నక్షత్రంలో బటన్ బ్యాటరీ ఉంటే ముందు దాన్ని పాపకు అందకుండా పెట్టండి. మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు.

ఇద్దరు పిల్లల తల్లి: తెర తెరే. ఫోన్ ఎత్తి పట్టుకున్న తండ్రి ముఖం బిడ్డకు కనిపించదు. మా పెద్దవాడు తొలి అడుగు వేసినప్పుడు మావారు చేతులు చాచడానికి బదులు ఫోన్ సరిచేసుకుంటూ ఉండిపోయారు, వాడు పడ్డాడు. ఆ వీడియోను బంధువులందరూ మెచ్చుకున్నారు. అందులో పరుగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకున్న నా చేతులు తప్ప నేను లేను. ఆ ఏడాది తీసిన వీడియోలన్నీ వెతికినా నా ముఖం దొరకలేదు.

మరో సభ్యురాలు: యాప్ చెప్పిన నెలను పట్టుకొని కంగారుపడకండి. ఆసరా లేని నడక 8 నెలల నుంచి 17 నెలలు దాటేవరకు ఎప్పుడైనా రావచ్చు. కొందరు పాకకుండానే నడుస్తారు.

కొత్తనాన్న: మీవారు చేసిన దానికి నన్ను నిలదీయడం న్యాయం కాదు. పాప నిలబడిన వేళ నేను ఇంట్లోనే లేను. పండుగ వారంలో కూడా రాత్రి డ్యూటీ తప్పలేదు. ఆ కెమెరాయే లేకపోతే నా బిడ్డ తొలిసారి నిలబడటం నాకు ఎవరో చెప్పిన కబురుగా మిగిలేది. విరామంలో ఆ దృశ్యాన్ని పదేపదే చూసుకుంటూ అన్నం తినడం కూడా మరిచిపోయాను.

ఇద్దరు పిల్లల తల్లి: ఈ మాట మొదటే చెప్పవలసింది. పక్కనే ఉండి చూడనివారి మీద నా కోపం. దూరాన ఉండి చూడాలని తపించేవారి మీద కాదు. అయితే ఒకటి చెప్పండి, ఆ సమయంలో పాప దగ్గర ఎవరున్నారు?

కొత్తనాన్న: నా భార్య. ఇప్పుడే మళ్లీ చూశాను. "లే తల్లీ, లే" అని పిలుస్తున్న గొంతు వినిపిస్తోంది, మనిషి మాత్రం కనిపించడం లేదు. రేపు ఇంటికి వెళ్లగానే కెమెరాను అటువైపు తిప్పుతాను.