ట్రైకోమోనాస్ లోపలి వైరస్‌ను పట్టించుకోవాలా, వద్దా?

బ్రాడీపేట ల్యాబ్ (గుంటూరు):
గైనిక్ డాక్టర్లు పంపే వైట్ డిశ్చార్జ్ శాంపిల్స్‌లో మాకు అప్పుడప్పుడూ ట్రైకోమోనాస్ (లైంగికంగా సోకే ఏకకణ పరాన్నజీవి) కనబడుతుంది. సెలైన్ చుక్కలో కలిపి వెంటనే చూడాలి. అప్పుడైతే బేరికాయ ఆకారంలో, తోకలు ఆడిస్తూ, కుదుపులతో కదులుతుంది. ఆలస్యం చేస్తే కదలిక ఆగిపోతుంది, పక్కనున్న తెల్లకణాలకూ దానికీ తేడా తెలియదు. పాజిటివ్ అని రాస్తాం, మెట్రోనిడజోల్ ఇస్తారు, అక్కడితో సరి.

సరి కాదంటాను. చాలా ట్రైకోమోనాస్‌ల లోపల ఒక వైరస్ ఉంటుంది. మందుకు పరాన్నజీవి చస్తుంది కానీ ఆ మందు వైరస్‌ను ఏమీ చేయదు. చచ్చిన కణంలోంచి బయటపడ్డ వైరస్ తాలూకు జంట పోగుల ఆర్‌ఎన్‌ఏను మన కణాల్లోని టీఎల్‌ఆర్3 అనే కాపలా ప్రొటీన్ పసిగట్టి ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) పెంచుతుంది. 2012లో మనిషి కణాల మీద ల్యాబ్‌లో చేసిన పని ఇది. కాబట్టి రిపోర్టులో వైరస్ సంగతి కూడా ఉండాలి.

బెజవాడ గైనిక్:
ల్యాబ్ గారూ, మందు వాడినా మంట తగ్గలేదని తిరిగొచ్చిన అమ్మాయిని నేను మొదట అడిగేది "మీ ఆయన మాత్రలు వేసుకున్నారా?" అని. చాలామంది తల దించుకుంటారు. ఇంట్లో ఆ మాట ఎత్తడమే వాళ్లకు పెద్ద టెన్షన్. ఈమెకు 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, వారం పాటు ఇచ్చి, ఆయనను వదిలేస్తే నెల తిరక్కుండానే జబ్బు మళ్లీ వస్తుంది. దానికి వైరస్ కారణం కాదు. పైగా ఆ వైరస్‌కు మన చేతిలో మందే లేదు. మందు లేనిదానికి టెస్టు రాస్తే, కూలి పనికి వెళ్లే మనిషి ఆ డబ్బులు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

పీజీ మైక్రోబయాలజీ:
మేడమ్, భర్త మాట నూటికి నూరుపాళ్లు నిజం. అలాగని వైరస్‌ను కొట్టిపారేయలేం. దక్షిణ అమెరికాలోని లీష్మేనియా గుయానెన్సిస్ అనే ఇంకో పరాన్నజీవిలోనూ ఇలాగే ఎల్‌ఆర్‌వీ1 అనే వైరస్ ఉంటుంది. 2011లో తేలిందేమిటంటే, ఆ వైరస్ ఎక్కువగా ఉన్న పరాన్నజీవి సోకిన ఎలుకలకు జబ్బు ముదిరింది, టీఎల్‌ఆర్3 లేని ఎలుకల్లో తగ్గింది. అంటే వైరస్‌ను చూసి శరీరం చేసే హడావిడే పరాన్నజీవికి కలిసొచ్చింది. లీష్మేనియా సోకిన మనుషుల విషయానికొస్తే లెక్క ఇంత శుభ్రంగా లేదు. వైరస్ ఉన్నచోట మందు పనిచేయక జబ్బు తిరగబెట్టిందని 2016లో అధ్యయనాలు వచ్చాయి, సంబంధం లేదన్నవీ ఉన్నాయి. బీహార్ కాలా అజార్‌కు కారణం వేరే జాతి లీష్మేనియా, ఈ లెక్క దానికి అంటగట్టకూడదు.

బ్రాడీపేట ల్యాబ్:
ఇంకో సంగతి. 2001లో అమెరికాలో ఒక ట్రయల్ వచ్చింది. ఏ లక్షణాలూ లేకుండా ట్రైకోమోనాస్ ఉన్న గర్భిణుల్లో మెట్రోనిడజోల్ వాడినవారికి 19 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారికి 10.7 శాతం నెలలు నిండకుండా కాన్పులయ్యాయి. పరాన్నజీవి పోయినా లాభం ఎందుకు రాలేదు? చచ్చిన కణాల్లోంచి వైరస్ బయటపడటమే కారణమేమో అన్నది కొట్టిపారేసే ప్రశ్న కాదు.

బెజవాడ గైనిక్:
ప్రశ్న మంచిదే. కానీ ఆ ట్రయల్‌లో వైరస్‌ను ఎవరూ కొలవలేదు. ఇది చదివే గర్భిణులెవరూ దయచేసి మాత్రలు ఆపేయకండి. మంట, దురద, డిశ్చార్జ్ ఉంటే మందు వాడాల్సిందే, మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఇలాంటి ఊహను రిపోర్టులోకి ఎక్కిస్తే రేపు మందులషాపు దగ్గరే వాదన మొదలవుతుంది.

పీజీ మైక్రోబయాలజీ:
రిపోర్టులోకి వద్దు, పరిశోధనలోకి కావాలి. భర్తకూ మందు పడి, పరాన్నజీవి పోయిందని తేలినా మంట తగ్గనివాళ్లు ఉంటారు కదా, వైరస్ కోసం వెతకాల్సింది వాళ్లలో.

బ్రాడీపేట ల్యాబ్:
వాళ్లను మందు తర్వాత వెతికితే ఆలస్యమైపోతుంది. పరాన్నజీవి బతికున్నప్పటి మొదటి శాంపిలే డీప్ ఫ్రీజర్‌లో ఉండాలి. మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంట్ సంతకం ఉంటే దాచే పని మా ల్యాబ్ చేస్తుంది. మేడమ్, భర్త మందు వాడాడో లేదో మీ ఓపీలో రాసి పెట్టగలరా? అది లేకపోతే మా ఫ్రీజర్‌లో ఎన్ని శాంపిల్స్ ఉన్నా దండగే.