రైలు ఫొటోల గ్యాలరీ పెడుతున్నాం, వెతికేవాళ్లకి తేలిగ్గా దొరకాలంటే ఎట్టా పేర్చాలి?

కావలి కెమెరా:
మేం నలుగురైదుగురు స్నేహితులం గూడూరు నుంచి ఒంగోలు దాకా, అటు పడమటి వైపు దొనకొండ, మార్కాపూర్ రోడ్, గిద్దలూరు లైన్లో తీసిన ఫొటోలు నాలుగు వేలు దాటిపోయాయి. వాటిలో మీటర్ గేజ్ (పట్టాల మధ్య వెడల్పు తక్కువుండే పాత లైన్లు) కాలం నాటి ప్రింట్లు స్కాన్ చేసినవి కూడా ఉన్నాయి. అన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్లుగా పడున్నాయి. "పెన్నా బ్రిడ్జి" అని ఒకటి, "పినాకిని" (పినాకిని ఎక్స్‌ప్రెస్ బండి) అని ఒకటి, "కొత్తవి", దాని పక్కనే "కొత్తవి 2". పెన్నా బ్రిడ్జి మీద పినాకిని వస్తున్న ఫొటో కావాలంటే ఏ ఫోల్డర్లో వెతకాలో తీసినవాడికే తెలీదు. సైటు పెడదామనుకుంటున్నాం, మ్యాప్ మీద పిన్నులు గుచ్చితే చాలని ఒక స్నేహితుడి మాట. చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు. మాలో ఎవరికీ కోడింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒంగోలు వెబ్ పని:
ముందు ఫోల్డర్ల ఆలోచన వదిలేయండి. ఫోల్డరంటే ఒక ఫొటో ఒకచోటే ఉంటుంది, కానీ రైలు ఫొటోకి కనీసం నాలుగు ముఖాలుంటాయి: ఎక్కడ, ఏ ఇంజను, ఏ బండి, ఏ సంవత్సరం. ఈ నాలుగూ ట్యాగులుగా, అంటే ఫొటోకి తగిలించే చిన్న గుర్తు పేర్లుగా వేస్తే ఒకే ఫొటో నాలుగు దారుల్లో దొరుకుతుంది. పివిగో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మామూలు హోస్టింగ్‌లో (సైటు ఉంచడానికి అద్దెకిచ్చే చోటు) ఎక్కించుకోవచ్చు, ట్యాగులు గుంపుగా ఒకేసారి వేయొచ్చు, కోడింగ్ అవసరం పెద్దగా ఉండదు.

మ్యాప్ సంగతికొస్తే, నాకు నచ్చదు. ఫోన్లో బరువు, పైగా నెల్లూరు స్టేషన్ మీద మూడొందల పిన్నులు ఒకదాని మీద ఒకటి పడి దేన్నీ నొక్కలేం. దాని బదులు మొదటి పేజీలో లైనునే మెనూగా పెట్టండి. గూడూరు, వేదాయపాళెం, నెల్లూరు, పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, బిట్రగుంట, కావలి, ఇట్లా ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు మీదుగా ఒంగోలు దాకా బండి వెళ్లే వరసలో పేర్లు, పక్కన ఎన్ని ఫొటోలున్నాయో అంకె. అక్షర క్రమంలో మాత్రం పెట్టొద్దు, రైలు పిచ్చి ఉన్నవాడి బుర్రలో స్టేషన్లు అట్లా ఉండవు. ఫొటోలు లేని స్టేషన్‌ని నొక్కితే ఖాళీ పేజీ రాకూడదు, పేరు మసకగా చూపిస్తే చాలు.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. చిన్న బొమ్మల్ని చతురస్రంగా కత్తిరించే సెట్టింగ్ ఆపేయండి. రైలు పొడుగు వస్తువు, చతురస్రంలో ఇంజను పోయి రెండు బోగీలు మాత్రమే మిగులుతాయి. ఎత్తు ఒకటే ఉంచి వెడల్పు ఎంతుంటే అంత వదిలేయాలి. అడుగులేని స్క్రోలింగ్ కూడా వద్దు, పేజీలుగా విడగొట్టండి. ఫొటో చూసి వెనక్కి నొక్కితే ఎక్కడ వదిలామో అక్కడికే రావాలి, మళ్లీ పైనుంచి మొదలైతే ఎవరూ రెండోసారి ఆ సైటు మొహం చూడరు. ప్రతి ఫొటోకీ సొంత లింకు ఉండాలి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది అదే కదా.

బిట్రగుంట పాతకాపు (రిటైర్డ్):
బాబూ, వెబ్ సంగతులు నాకు తెలియవు గానీ వివరాలు రాసేటప్పుడు ఇవి చూసుకోండి. ఇంజను నంబరూ, దాని షెడ్డూ (ఇంజన్ని ఉంచి బాగుచేసే చోటు) వేర్వేరు గడుల్లో రాయండి, కలిపి రాయొద్దు. ఇంజన్లు ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మారుతుంటాయి, కాబట్టి ఫొటో తీసిన రోజు దాని మీద రాసి ఉన్న షెడ్డు పేరే రాయాలి, ఇప్పుడున్నది కాదు. బండి నంబరు కూడా అంతే. 2010 డిసెంబరులో నంబర్లు అయిదంకెలయ్యాయి, అంతకుముందు పినాకిని 2711, ఇప్పుడు 12711. ఎవరు ఏ నంబరుతో వెతికినా రెండూ దొరికేట్టు చూడాలి. మా బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల కాలం నాటి లోకో షెడ్డు ఫొటోలు ఎవరి దగ్గరన్నా ఉంటే వాటిని "ఇతరములు" అనే చెత్తబుట్టలో మాత్రం పడేయకండి. షెడ్లకి, సిగ్నల్ క్యాబిన్లకి, స్టేషన్ భవనాలకి వేరే దారి ఇవ్వండి.

నెల్లూరోడు:
వెబ్ అన్న చెప్పిన లైను మెనూ బాగుంది గానీ అందులో ఒక లోటుంది. మంచి ఫొటోలన్నీ స్టేషన్లలో తీసేవి కావు, స్టేషన్ల మధ్యలోవి. పెన్నా బ్రిడ్జి నెల్లూరుకీ పడుగుపాడుకీ మధ్య ఉంది, దాన్ని ఏ స్టేషన్లో వేస్తారు? అందుకే రెండు పేర్ల మధ్య ఖాళీని కూడా నొక్కేట్టు పెట్టాలి. వెంకటాచలం నుంచి కృష్ణపట్నం, ఓబులవారిపల్లె వైపు వెళ్లే లైనుకి వేరే కొమ్మ గియ్యండి, ఓబులవారిపల్లె వైపున్న పొడవాటి సొరంగం ఫొటోల కోసం జనం తప్పకుండా వస్తారు. అట్లాగే ఫొటో తీసిన చోటు జీపీఎస్‌తో సహా బయటపెట్టకండి. ఈ మధ్య ఒకబ్బాయి అట్లాంటి లొకేషన్ చూసుకునే పట్టాల పక్కన నిలబడ్డాడు, బండి వేగం చూస్తే మాకే గుండె ఆగినంత పనైంది.

కావలి కెమెరా:
అందరికీ థ్యాంక్స్. మధ్య ఖాళీల మాట నిజమే, సగం ఫొటోలు అట్లాంటివే. స్కాన్ చేసిన వాటి తేదీలు మాత్రం పెద్ద టెన్షన్. సైటులో పెట్టి చూస్తే మీటర్ గేజ్ ఫొటోలన్నీ పోయిన నెల తీసినట్టు పైకొచ్చి కూర్చున్నాయి.

ఒంగోలు వెబ్ పని:
ఫైలులో ఉండేది స్కాన్ చేసిన తేదీ కదా, అందుకే. "తీసిన సంవత్సరం" అని సొంత గడి పెట్టి దాని ప్రకారం వరస పెట్టండి. కచ్చితంగా తెలియకపోతే "1990ల ముందు" లాంటి మాట కూడా పట్టేట్టు ఉండాలి. ఇంకా స్నేహితుల్ని వాట్సాప్‌లో ఫొటోగా పంపమనొద్దు, సైజు తగ్గిపోతుంది, తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి.

బిట్రగుంట పాతకాపు (రిటైర్డ్):
సంవత్సరం తెలియనివి ఫొటో చూసే కొంత పట్టుకోవచ్చు. మన మెయిన్ లైన్లో పైన కరెంటు తీగ లేకపోతే అది విద్యుదీకరణకి ముందుది. మామూలు ఎక్స్‌ప్రెస్ బోగీలు ఇటుక రంగులో ఉంటే దాదాపు తొంభైల దాకా, నీలం రంగైతే ఆ తర్వాత. బోగీ మీది పలకలో బండి నంబరు నాలుగంకెలుంటే 2010 లోపు. ఇవీ చాలకపోతే ఫొటో ఇక్కడ పెట్టండి, స్టేషన్ గోడలూ చెట్లూ చూసి చెప్పేవాళ్లం ఇంకా ఉన్నాం.