టీబీ మెనింజైటిస్ హైడ్రోకెఫలస్: పిల్లల్లో ఈటీవీకి ఎప్పుడు వెళ్లాలి?

పీడియా_పీజీ: టీబీ మెనింజైటిస్‌తో మెదడు గదుల్లో (వెంట్రికల్స్) నీరు నిలిచిన ఐదేళ్ల పిల్లకి ఏటీటీ (టీబీ మందులు) మొదలైన రెండో వారంలోనే ఈటీవీ (ఎండోస్కోప్‌తో థర్డ్ వెంట్రికల్ అడుగున రంధ్రం పెట్టి నీటికి దారి చేసే సర్జరీ) చేయొచ్చా సర్? షంట్ (ఆ నీటిని పొట్టలోకి మళ్లించే గొట్టం) లేదు, ఈటీవీ ఫలించే అవకాశాన్ని చెప్పే సక్సెస్ స్కోర్ 50 వస్తోంది.

న్యూరోసర్జన్: ఆ 50లో 40 వయసుకి, 10 పాత షంట్ లేనందుకు. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన హైడ్రోకెఫలస్ కాబట్టి కారణానికి సున్నా. రెండో వారంలో మెదడు అడుగున ఎక్సుడేట్ (ఇన్‌ఫెక్షన్ వల్ల చేరే చిక్కటి పదార్థం) ఇంకా దట్టంగా ఉంటుంది. థర్డ్ వెంట్రికల్ ఫ్లోర్ (అడుగు) మందంగా, మసకగా ఉండి, గుర్తుగా చూసుకునే మామిల్లరీ బాడీలు (మెదడు అడుగున రెండు చిన్న ఉబ్బులు) కంటికి ఆనవు. దాని కిందే బేసిలార్ ఆర్టరీ (మెదడుకు రక్తం తెచ్చే పెద్ద నాళం). ఎలాగో రంధ్రం పెట్టినా సిస్టర్న్‌లు (మెదడు బయట నీరు ఉండే ఖాళీలు) పూడుకుపోయి ఉంటే నీరు ఎటు పోతుంది? నాలుగు వారాలైనా మందులు, స్టెరాయిడ్ పడ్డాక చేస్తే ఫలితం నయం.

పిక్కు_డాక్టర్: ముందు కమ్యూనికేటింగా (వెంట్రికల్స్ నుంచి నీరు బయటికి వస్తోందా), అబ్‌స్ట్రక్టివా (లోపలే దారి మూసుకుందా) తేల్చండి. మామూలు సీటీ ఒక్కదానితో అది తేలదు. కేప్‌టౌన్ వైపు లంబార్ పంక్చర్‌లో (నడుం దగ్గర వెన్నులోకి సూది) కాస్త గాలి ఎక్కించి స్కల్ ఎక్స్‌రే తీస్తారు. గాలి వెంట్రికల్స్‌లోకి చేరితే కమ్యూనికేటింగ్. అలాంటి పిల్ల నిలకడగా ఉంటే మెదడులో నీరు తయారవడం తగ్గించడానికి రోజుకు కిలోకు అసిటజోలమైడ్ 50 మి.గ్రా. (100 దాకా పెంచొచ్చు), ఫ్యూరోసమైడ్ 1 మి.గ్రా. బైకార్బనేట్, పొటాషియం, సోడియం వదలకుండా చూడాలి. స్పృహ తగ్గుతుంటే మాత్రం ఆగకూడదు. వెల్లూరు గ్రేడ్ (తీవ్రత కొలత) 4, అంటే అన్నిటికన్నా తీవ్రం అయితే చాలామంది ముందు ఈవీడీ (నీటిని బయటి సంచిలోకి తీసే తాత్కాలిక గొట్టం) పెట్టి, తేరుకుంటే షంట్ వేస్తారు.

ఓటీ_సిస్టర్: ఈటీవీలో ఇరిగేషన్‌కి (లోపల కడగడానికి) రింగర్ లాక్టేట్ ద్రవం, 37 డిగ్రీల వేడిలో. కేసు నడిచినంతసేపూ అవుట్‌ఫ్లో తెరిచి ఉందో లేదో చూస్తుండాలి. మూసుకుంటే లోపల ప్రెషర్ పెరిగి పల్స్ పడిపోతుంది. అనస్తీషియా వాళ్లు “పల్స్” అనగానే ఇన్‌ఫ్లో కట్టేయాలి.

న్యూరోసర్జన్: సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. రంధ్రం ఇన్‌ఫండిబ్యులర్ రిసెస్‌కీ (ఫ్లోర్ ముందు భాగంలోని గుంట) మామిల్లరీ బాడీలకీ మధ్య, నడిమధ్యన, మొద్దు మొనతో పెట్టాలి. ఫ్లోర్ మీద కాటరీ (కాల్చే పరికరం) పెట్టొద్దు. ఫోగార్టీ బెలూన్‌తో వెడల్పు చేశాక ఫ్లోర్ కింద ఉండే లిలిక్విస్ట్ పొర కూడా తెగిందా, బేసిలార్ తేటగా కనిపిస్తోందా చూడాలి. రంధ్రం అంచులు పల్స్‌తో పాటు అల్లాడుతుంటే నీరు పారుతున్నట్టే. ఫ్లోర్ అంతుపట్టకపోతే మొండికేయకుండా షంట్‌కి మారాలి. అందుకే రెండింటికీ కన్సెంట్ ముందే తీసుకోండి.

పీడియా_పీజీ: తర్వాతి సీటీలో వెంట్రికల్స్ తగ్గకపోతే ఫెయిలైనట్టా?

పిక్కు_డాక్టర్: కాదు, అవి నెమ్మదిగా తగ్గుతాయి, కొందరిలో పెద్దగా తగ్గవు కూడా. వాంతులు, మత్తు, చూపు కిందికి వాలడం ముఖ్యం. మొదటి రోజుల్లో యూరిన్ గంటకు కిలోకు 4 మి.లీ. దాటితే వెంటనే రక్తం సోడియం పరీక్షకి పంపండి, డయాబెటిస్ ఇన్సిపిడస్ (ఒంట్లో నీరు యూరిన్‌గా పోయే జబ్బు) కావచ్చు. రంధ్రం నెలల తర్వాత కూడా పూడుకుపోవచ్చు. ఈ లక్షణాలు తిరగబెడితే ఆ రాత్రే తీసుకురమ్మని తల్లిదండ్రులకు డిశ్చార్జ్ కాగితం మీద తెలుగులో రాసివ్వండి.