ప్రకృతి గురించిన ఆడియో పుస్తకాలు చూపులేని అమ్మకు ఎలా వినిపించాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 74 ఏళ్లు. నీటికాసుల వల్ల మూడేళ్లుగా చూపు దాదాపుగా పోయింది. ముప్పయ్యేళ్లు పత్తి, మిరప పండించిన మనిషి కాబట్టి, పగలంతా టీవీ ముందు కూర్చోబెట్టడం నాకు నచ్చక, ప్రకృతి గురించీ పర్యావరణ రక్షణ గురించీ ఉన్న ఆడియో పుస్తకాలు వినిపించడం మొదలుపెట్టాను. నాకు దొరికినవి ఎక్కువగా ఇంగ్లీషువే. పక్కనే కూర్చుని, అయిదారు నిమిషాలకొకసారి ఆపి, విన్నంతవరకు తెలుగులో చెబుతున్నాను.

పురుగుమందుల వల్ల ప్రకృతికి జరిగే చేటు గురించి అమెరికా శాస్త్రవేత్త రేచల్ కార్సన్ 1962లో ప్రచురించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ను, పక్షుల కూత వినిపించని ఊరి గురించి చెప్పే మొదటి అధ్యాయంతో ప్రారంభించాము. అది ముగిశాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడిన ఏడాది మందు మీద మందు కొట్టిన సంగతీ, ఆ యేడు దుక్కి వెనకాల గోరువంకలు దిగకపోవడం తాను గమనించిన సంగతీ చెప్పింది. ఇన్నేళ్లలో ఆమె నోట నేను ఆ మాట వినడం అదే మొదటిసారి. అందుకే దీనిని సరిగ్గా కొనసాగించాలని ఉంది.

అయితే ప్రతి పిట్ట దగ్గరా, ప్రతి చెట్టు దగ్గరా అమ్మ “దాన్ని మనం ఏమంటాం?” అని అడుగుతుంది. నా దగ్గర జవాబు ఉండదు. అలాంటప్పుడు ఏం చేయాలి? పుస్తకాన్ని నేనే తెలుగులో చదివి రికార్డు చేసి ఇస్తే చట్టం ఒప్పుకుంటుందా? ఒక్క విడతలో ఎంతసేపు వినిపించడం మంచిది?

జవాబు 1 (విజయవాడ నుంచి, విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు)

ఆ పుస్తకంలోని రాబిన్ అమెరికా పక్షి, మన దేశంలో ఉండదు. దానికి తెలుగు పేరు వెతకకండి. “మన పెరట్లో పిగిలిపిట్ట ఎంత మామూలో, వాళ్ల పెరట్లో అది అంత మామూలు” అని చెబితే అమ్మగారికి వెంటనే అర్థమవుతుంది. మన నేలమీద ఉన్న జీవుల విషయంలో మాత్రం పేరు తప్పనిసరిగా తెలుసుకుని చెప్పండి. లకుముకిపిట్ట, నీటికాకి, తీతువు, జెముడుకాకి వంటి పేర్లు పలికితే చాలు, ఆ పక్షిని ఎక్కడ చూశారో ఆమే చెబుతారు. నిజానికి మీకంటే ఆమెకే ఎక్కువ పేర్లు తెలిసి ఉంటాయి.

చెవి ద్వారా ప్రకృతిని పరిచయం చేయడం మన దేశానికి కొత్త కాదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1940ల నుంచి దశాబ్దాల పాటు ఆకాశవాణిలో పక్షుల గురించి ప్రసంగించారు. బొమ్మ చూపించే వీలు లేదు కనుక, పక్షి నడకా కూతా గూడూ మాటలతోనే కళ్లకు కట్టాలి. ఆడియో పుస్తకాన్ని ఎంచుకునేటప్పుడు కూడా నేను ఇదే చూస్తాను. అంకెలూ పట్టికలూ నిండిన పుస్తకం చెవికి బరువు. ఒక నదినో ఒక చెరువునో పట్టుకుని నడిచే పుస్తకం వినడానికి హాయిగా ఉంటుంది.

నదుల గురించిన అధ్యాయం వచ్చినప్పుడు బుడమేరు వాగు సంగతి కలిపి చెప్పండి. 2024 సెప్టెంబరులో మా సింగ్‌నగర్‌ను ముంచెత్తిన ఆ బుడమేరే చివరకు కొల్లేరులో కలుస్తుంది. మా నగరంలో వాగును ఎంత ఇరుకు చేస్తామో, అందులో ఏమి పారబోస్తామో, అదంతా గూడబాతులు గుడ్లు పెట్టే సరస్సు దాకా వెళుతుంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరిన కొల్లేరును కాపాడడం మా కాలనీ మురుగుకాలువ దగ్గరే మొదలవుతుందన్న విషయం నాకు కూడా వరద వచ్చాకే పూర్తిగా తెలిసింది.

ఒక విడతకు ఇరవై నిమిషాలు చాలు.

జవాబు 2 (గుంటూరు నుంచి, అంధ విద్యార్థులకు పాఠాలు రికార్డు చేసే వ్యక్తి)

చట్టం మీకు అనుకూలంగానే ఉంది. చూపులేనివారు వినగలిగే రూపంలోకి పుస్తకాన్ని లాభాపేక్ష లేకుండా మార్చి ఇవ్వడానికి 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ అనుమతిస్తుంది. ఇదే ఉద్దేశంతో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించినది మన దేశమే. పైగా మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి. కార్సన్ 1964లో కన్నుమూశారు కాబట్టి, ఆమె మూల రచనకు ఇక్కడ ఆ గడువు 2024తో తీరిపోయింది. అయితే ఇతరులు చేసిన అనువాదానికీ, ఇతరుల గొంతుతో ఉన్న రికార్డింగుకూ వేరే హక్కులు ఉంటాయి. వాటిని అమ్మగారి కోసం వాడుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు.

రికార్డు చేయడానికి ఫోను చాలు. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, పరుపూ బట్టల బీరువా ఉన్న చిన్న గదిలో కూర్చుంటే ప్రతిధ్వని తగ్గుతుంది. అధ్యాయాన్ని ముందుగా ఒకసారి మనసులో చదువుకోండి. హెక్టార్లను ఎకరాల్లోకి మార్చి చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించకుండా, అమ్మకు ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే చెప్పండి.

జవాబు 3 (తెనాలి దగ్గరి పల్లె నుంచి, రైతు)

ఒక్క విషయం మనవి చేయాలి. ఆ పుస్తకం వినిపించేటప్పుడు, మందు కొట్టిన చేతులదే తప్పు అన్న భావం అమ్మగారికి కలగనివ్వకండి. 1987-88లో మన జిల్లాలో పత్తి దెబ్బతిన్నప్పుడు శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ రకం పురుగుమందులకు లొంగకుండా పోయింది. తెల్లదోమను తినే మిత్రపురుగులు మాత్రం ఆ మందులకే చచ్చిపోయాయి. ఎంత కొడితే దోమ అంత పెరిగింది. అప్పు తెచ్చి మందు కొన్న రైతుకు ఈ సంగతి ఆనాడు వివరించి చెప్పినవారు తక్కువ. పంటలపై కొట్టే పురుగుమందు ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపించినది కూడా 2011లోనే.

బాధ కలిగించే అధ్యాయాల తరువాత, ఇప్పుడు జరుగుతున్న పనిని కూడా వినిపించండి. 2016 నుంచి మన రాష్ట్రంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని నడిపే రైతు సాధికార సంస్థ మీ గుంటూరులోనే ఉంది. నేను నాలుగేళ్లుగా ఎకరంన్నరలో పేడతో చేసే ఘనజీవామృతం, వేపతో చేసే నీమాస్త్రం వాడుతున్నాను. మొదటి ఏడాది దిగుబడి తగ్గింది, ఆ మాట దాచను. ఇప్పుడు మాత్రం దున్నుతున్నప్పుడు వానపాములు కనిపిస్తున్నాయి, వాటి కోసం కొంగలు దిగుతున్నాయి.

ఫోను రికార్డు చేస్తుండగా అమ్మగారిని కూడా మాట్లాడించండి. ఆ రోజుల సేద్యం గురించి ఆమె చెప్పేది మాబోటివాళ్లకు కావాలి.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తరువాత)

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు అధ్యాయాలు నా గొంతుతో రికార్డు చేశాను. అమ్మ చెప్పినది నలభై నిమిషాలు వచ్చింది, అందులో నాకు తెలియని పిట్టల పేర్లే పదకొండు ఉన్నాయి. మొన్న ఆదివారం ఆమెను పక్షులు గూళ్లు కట్టుకునే ఉప్పలపాడు చెరువు దగ్గరకు తీసుకువెళ్లాను. ఎదిగిన ఎర్రకాళ్ల కొంగలకు కూత దాదాపుగా ఉండదని, ముక్కు రెండు దవడలనూ టకటకలాడిస్తాయని ముందురోజే చదివి చెప్పి ఉన్నాను. గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టగానే, కొంగపిల్లల అరుపుల నడుమ ఆ టకటకను అమ్మే ముందుగా గుర్తుపట్టి, చెయ్యెత్తి అవి ఉన్న తుమ్మచెట్టు వైపు చూపించింది.