కాన్సర్ట్‌లోకి రానియ్యలే, యాప్‌ల మాత్రం టికెట్ వాడేశారు అంటున్నరు. రీఫండ్ ఎట్ల?

ఎల్ఎండీ_గట్టు:
ఎవరన్నా చెప్పుండ్రి, దిమాక్ ఖరాబైతుంది. హైదరాబాద్‌ల కాన్సర్ట్‌కు నాలుగు టికెట్లు ఉన్నయి, లోపలికి రానియ్యలే. గేట్ బంద్ చేసిన్రు. లోపల పాటలు నడుస్తున్నయి, మేం బయట. రీఫండ్ అడిగితే యాప్‌ల "టికెట్లు వాడేశారు" అని వస్తుంది. వాడుడేంది? చాట్‌ల మనిషి లేడు, అవే నాలుగు ఆప్షన్లు తిప్పి తిప్పి చూపిస్తుంది. మధ్యాహ్నం కూసున్న, ఇంకా అక్కడ్నే ఉన్న. పైసలు ఎట్ల వస్తయి? కేసు ఎయ్యాల్నా?

ఒక్కమాట:
ఏ కేటగిరీ? కార్డా, యూపీఐయా? టికెట్లు ఎవరి అకౌంట్‌లో ఉన్నాయి? అసలు ఎక్కడా స్కాన్ కాలేదా? ఇవి చెప్పకపోతే జవాబు లేదు.

ఫేడర్:
లోపలికి వెళ్ళినవాళ్ళకి మాత్రం ఏం వినపడిందో కనుక్కోండి. మన దగ్గర ఓపెన్ గ్రౌండ్ కాన్సర్ట్‌లన్నిటికీ ఇదే రోగం. స్టేజి స్పీకర్ల శబ్దం వెనక్కి చేరడానికి టైమ్ పడుతుంది. 30 డిగ్రీల గాలిలో శబ్ద వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు. స్టేజికి 80 మీటర్ల దూరంలో ఇంకో స్పీకర్ టవర్ పెడితే దాని సిగ్నల్‌ని 229 మిల్లీసెకన్లు ఆపి వదలాలి. ఆపకపోతే వెనకవాళ్ళకి ముందు టవర్ మాట, తర్వాత స్టేజి మాట వినపడి, ప్రతి అక్షరం రెండుసార్లు కొడుతుంది. తెలిసినవాళ్ళు ఇంకో 10, 15 మిల్లీసెకన్లు కలుపుతారు. అప్పుడు గొంతు స్టేజి మీంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. మధ్యాహ్నం సౌండ్‌చెక్‌లో పెట్టిన లెక్క రాత్రి గాలి చల్లబడ్డాక కొన్ని మిల్లీసెకన్లు తప్పుతుంది, అది పెద్ద నష్టం కాదు. అసలు డిలేనే పెట్టకుండా వదిలేయడం, డబ్బు మిగుల్చుకోవడానికి టవర్లే తగ్గించడం, ఇవీ నష్టాలు.

ఒక్కమాట:
అడిగింది రీఫండ్.

ఫేడర్:
సంబంధం ఉంది కాబట్టే చెప్పాను. "సరిగా వినపడలేదు" అని ఫోన్ వీడియో జతచేసేవాళ్ళు చాలామంది. ఫోన్ మైకు శబ్దం పెద్దదైతే తనే తగ్గిస్తుంది, చిన్నదైతే తనే పెంచుతుంది. అందుకని సౌండ్ తక్కువ అనడానికి ఆ వీడియో పనికిరాదు. డ్రమ్ దెబ్బ రెండుసార్లు పడటం మాత్రం అందులో స్పష్టంగా దొరుకుతుంది. ఫిర్యాదు రాసేవాళ్ళకి ఈ తేడా తెలియాలి.

ఎల్ఎండీ_గట్టు:
నేను లోపలికే పోలే అన్నా, సౌండ్ సంగతి నాకెట్ల తెలుస్తది. గోల్డ్ కేటగిరీ, ఒక్కోటి 4,000. కార్డుతోని కట్టినం. బయట రోడ్డు మీది గేట్ కాడ స్కాన్ చేసిన్రు. లోపల గోల్డ్ గేట్ కాడికి పోతే అప్పటికే బంద్. ఇంక ఎవ్వర్నీ పంపం అన్నరు.

ఒక్కమాట:
ఇదీ అసలు విషయం. మొదటి పోస్ట్‌లోనే రాయాల్సింది.

గేట్_నంబర్_4:
బయటి గేటు స్కాన్ అంటే మీరు ఆ ప్రాంగణం దాకా వచ్చారని మాత్రమే రుజువు. గోల్డ్ జోన్‌లోకి వెళ్ళారని కాదు. రెండంచెల గేట్లు ఉన్నచోట లోపలి గేటు దగ్గర ఇంకో స్కాన్ ఉంటుంది, లేకపోతే చేతికి రంగు బ్యాండ్ కడతారు. యాప్ సిస్టమ్ మొదటి స్కాన్ పడగానే టికెట్ వాడేసినట్టు చూపిస్తుంది, చాట్ అదే చదువుతోంది.

చాట్ వదిలేసి మెయిల్ పెట్టండి. బుకింగ్ ఐడీ రాసి, నాలుగు టికెట్ల స్కాన్ లాగ్ అడగండి: ఏ గేటు, ఏ మెషిన్, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి. జోన్ స్కాన్ ఉంటే చూపించమనండి. ఆ లాగ్‌నీ గోల్డ్ గేటు సీసీ కెమెరా ఫుటేజినీ చెరపకుండా ఉంచమని అదే మెయిల్‌లో రాయండి. ఫుటేజి చాలాచోట్ల 30 రోజులకి మీద మీద రికార్డయి పోతుంది, కాబట్టి ఈ ఒక్క పనికి ఆలస్యం వద్దు. మీ చేతులకి బ్యాండ్ కట్టారా?

ఎల్ఎండీ_గట్టు:
లేదు, బ్యాండ్ గోల్డ్ గేట్ కాడ ఇస్తమన్నరు. బంద్ ఉన్న గేట్ ఫొటోలు ఉన్నయి.

గేట్_నంబర్_4:
మంచిది. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన టైమ్ వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా ఫోన్ నుంచి నేరుగా కాపీ చేయండి. అసలు ఫైల్ ఫోన్‌లోంచి తీసేయొద్దు.

ఇంకోటి, బయటి గేటు దగ్గర తనిఖీ లైన్లు ఎన్ని ఉన్నాయి? ఎన్నింటికి తెరిచారు?

ఎల్ఎండీ_గట్టు:
నాలుగు లైన్లు. అయిదింటికి తెరిచిన్రు. షో ఏడింటికి.

గేట్_నంబర్_4:
బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకి వాడే గ్రీన్ గైడ్‌లో ఒక టర్న్‌స్టైల్‌కి (ఒక్కొక్కరినే పంపే తిరుగుడు గేటు) గంటకి గరిష్ఠంగా 660 మంది అని లెక్క. నాలుగు లైన్లంటే గంటకి 2,640, రెండు గంటల్లో 5,280. మన దగ్గర ఒళ్ళు తడిమి, సంచులు విప్పి, క్యూఆర్ కోడ్ కోసం ఫోన్ వెలుతురు పెంచుకోమని చెప్పేసరికి అందులో సగం వెళ్తే గొప్ప. అంతకన్నా ఎక్కువ టికెట్లు అమ్మినచోట ఏడింటికి రోడ్డు మీద జనం ఉండటం ఖాయం. అది జనం తప్పు కాదు, లైన్లు పెట్టనివాళ్ళ తప్పు. నిర్వాహకులు ఎంతమంది వస్తారని చెప్పి పోలీసు అనుమతి తీసుకున్నారో సమాచార హక్కు కింద కమిషనరేట్‌ని అడగొచ్చు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు.

బీచ్‌రోడ్:
ఓవర్‌బుకింగ్ అన్నమాట. ఫిర్యాదులో అదే రాయండి, గట్టిగా ఉంటుంది.

వినియోగ:
వద్దండీ. ఓవర్‌బుకింగ్ అని రాస్తే సీట్లకన్నా టికెట్లు ఎక్కువ అమ్మారని ఆయన రుజువు చేయాలి. పాసులవాళ్ళు, పక్క కేటగిరీవాళ్ళు గోల్డ్‌లోకి వచ్చి నిండిపోయి ఉండొచ్చు, లేదా అమ్మింది సరిపడానే అయినా గేటు ముందే మూసి ఉండొచ్చు. ఆయనకి తెలిసింది ఒక్కటే: చెల్లే టికెట్ ఉంది, టైముకి వచ్చారు, రానివ్వలేదు. అంతే రాయాలి. కారణం ఏమిటో అవతలివాళ్ళు చెప్పుకుంటారు.

బీచ్‌రోడ్:
టికెట్ వెనక "ఎట్టి పరిస్థితుల్లోనూ రీఫండ్ లేదు" అని ఉంటుంది కదా. అన్యాయమైన ఒప్పందం అని దాని మీద కూడా వేయొచ్చు.

వినియోగ:
2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ మాటకి విడిగా నిర్వచనం ఉంది, సెక్షన్ 2(46). కానీ ఆ షరతునే కొట్టేయమని అడిగితే అది జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలో లేదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలి. 16,000 కోసం అంత దూరం అనవసరం. సేవాలోపం, సెక్షన్ 2(11), సరిపోతుంది. దానికి తోడు 2(47): లోపం ఉన్న సేవకి తీసుకున్న డబ్బు, రసీదులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఈ రెండూ జిల్లా కమిషన్‌లోనే నడుస్తాయి.

ఎమ్మార్పీ_చూడు:
నీళ్ళ బాటిల్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. బయటి బాటిల్ గేటు దగ్గర పారేయిస్తారు, లోపల స్టాల్‌లో ఎమ్మార్పీకి ఎన్నో రెట్లు. సీల్ ఉన్న బాటిల్‌ని స్టాల్‌లో ఎమ్మార్పీ దాటి అమ్మడం నేరం. 2018 జనవరి నుంచి ఒకే సరుకుకి చోటుని బట్టి రెండు ఎమ్మార్పీలు వేయడం కూడా కుదరదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్ళ విషయంలో 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు వేరేగా చెప్పింది, అది గ్రౌండ్‌లో స్టాల్‌కి అడ్డు కాదని నా వాదన. బిల్లు తీసుకుని తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయండి. బిల్లు ఇవ్వకపోతే యూపీఐలో కట్టండి, ఆ మెసేజే ఆధారం.

ఎల్ఎండీ_గట్టు:
అన్నా నేను లోపలికి పోలే, నీళ్ళు కొనలే. కార్డు బ్యాంక్‌ల డిస్ప్యూట్, అంటే కట్టిన పైసలు వాపస్ ఇయ్యుమని ఫిర్యాదు, పెట్టొచ్చా? కార్డు నాది కాదు, మా బావది. బుకింగ్ గూడ ఆయన అకౌంట్‌లనే ఉంది.

ఒక్కమాట:
ఇది కూడా ఇప్పుడా చెప్పేది.

వినియోగ:
ఫర్వాలేదు, పని మొత్తం పాడవలేదు. విడివిడిగా చెప్తాను.

డిస్ప్యూట్ మీ బావగారే పెట్టాలి, కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్ళే. కారణం "సేవ అందలేదు" అని ఎంచుకోవాలి, "నేను చేయని లావాదేవీ" అని కాదు. అది తప్పు ఎంపిక, తిరగ్గొడతారు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో సాధారణంగా 120 రోజుల గడువు, అయినా అంతదాకా ఆగొద్దు. టికెట్లు అమ్మిన ప్లాట్‌ఫారమ్‌వాళ్ళు బయటి స్కాన్ చూపించి "సేవ ఇచ్చాం" అంటారు, కాబట్టి గేటు ఫొటోలు, బ్యాండ్ లేదన్న సంగతి, రాసిన మెయిల్ ముందే జతచేయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో రాయొచ్చు.

ప్లాట్‌ఫారమ్‌కి మెయిల్ కూడా బావగారి మెయిల్ నుంచే వెళ్ళాలి, లేకపోతే బుకింగ్ మీది కాదని ఆపుతారు. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, చిరునామా యాప్‌లో అడుగున ఉంటాయి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

కమిషన్‌లో మాత్రం మీరే వేయొచ్చు. డబ్బు కట్టినవారి అనుమతితో సేవ పొందేవాళ్ళు కూడా వినియోగదారులే, సెక్షన్ 2(7). బావగారిని కూడా ఫిర్యాదుదారుగా కలిపితే ఆ వాదనే రాదు.

బీచ్‌రోడ్:
ఎవరి మీద వేయాలి? ప్లాట్‌ఫారమ్ "మేం మధ్యవర్తులం" అంటుంది, నిర్వాహకుల అడ్రసు దొరకదు.

వినియోగ:
ఇన్వాయిస్ చూడండి. 500 దాటిన కాన్సర్ట్ టికెట్‌కి 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది కాబట్టి దాని మీద జీఎస్‌టీ నంబర్ ఉండి తీరాలి. టికెట్ ధరకి నిర్వాహకుల నంబర్, కన్వీనియెన్స్ ఫీజుకి ప్లాట్‌ఫారమ్ నంబర్, చాలాసార్లు విడివిడిగా ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రం: 36 తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్, 27 మహారాష్ట్ర. జీఎస్‌టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే అసలు పేరు, వ్యాపార స్థలం వస్తాయి. పోస్టర్ మీది పేరు కాదు, అక్కడ వచ్చిన పేరే ఫిర్యాదులో రాయాలి. ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి.

ముందు ఇద్దరికీ 15 రోజుల నోటీసు. చట్టంలో తప్పనిసరి కాదు, అయినా కమిషన్ అడిగే మొదటి ప్రశ్న అదే. రిజిస్టర్ పోస్ట్ 2025 సెప్టెంబర్ నుంచి స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది, కాబట్టి స్పీడ్ పోస్ట్‌లో పంపి డెలివరీ వివరం ప్రింట్ తీసి పెట్టుకోండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. వాళ్ళు కంపెనీకి పంపుతారు, ఆదేశం ఇవ్వలేరు, కానీ కొన్ని రీఫండ్లు అక్కడే తెగుతాయి.

ఎల్ఎండీ_గట్టు:
కేసు ఎయ్యాలంటే హైదరాబాద్ రావాల్నా? మేం కరీంనగర్. టికెట్ మీద ముంబై కోర్టు అని ఉంది.

వినియోగ:
అక్కర్లేదు. మీరు ఉండే చోటే వేయొచ్చు, సెక్షన్ 34. ముంబై అని రాసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. ఆర్బిట్రేషన్ షరతు (గొడవని ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని) ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి అడ్డు కాదని ఎమార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు సున్నా. గడువు రెండేళ్ళు.

వినియోగదారుల కమిషన్లలో ఆన్‌లైన్‌గా ఫిర్యాదు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఖాతా తెరిచి పీడీఎఫ్‌లు ఎక్కించాలి: తేదీల పట్టిక, ఫిర్యాదు, నోటరీ అఫిడవిట్, టికెట్లు, ఇన్వాయిస్, నోటీసు, ఫొటోలు. ఎక్కువమందివి అఫిడవిట్ దగ్గరే ఆగిపోతాయి, దాన్ని మర్చిపోవద్దు. ఫొటోలకి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కలపండి, డిజిటల్ ఆధారాలకి అది కావాలి. అందులో ఎ భాగం మీరు నింపేది, బి భాగం నిపుణుడు నింపేది. టికెట్ డబ్బు, వడ్డీ, కరీంనగర్ నుంచి రానుపోను బస్సు ఛార్జీ, మానసిక వేదన, ఖర్చులు విడివిడిగా అంకెలతో అడగండి.

బీచ్‌రోడ్:
చెన్నైలో ఇలాంటిదే జరిగింది కదా. 2023 సెప్టెంబర్ 10న పనైయూరులో ఏఆర్ రెహమాన్ కచేరీ. టికెట్ ఉన్నవాళ్ళు చాలామంది బయటే ఉండిపోయారు. టికెట్ కాపీ, పడ్డ ఇబ్బంది రాసి మెయిల్ చేయమని రెహమానే పబ్లిక్‌గా చెప్పారు. అప్పుడు కూడా అడగ్గానే కాగితం చూపించగలిగినవాళ్ళకే పని సులువైంది.

ఎల్ఎండీ_గట్టు:
లోపలున్నోళ్ళు గూడ తిడుతున్నరు. సింగర్ లేటుగ వచ్చిండు, పదింటికి టప్పున ఆపేసిన్రు అని.

ఫేడర్:
పదికి ఆపడం చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. అది నిర్వాహకులకి ముందే తెలుసు కాబట్టి, ఆలస్యంగా మొదలుపెట్టి "పోలీసులు ఆపేశారు" అనడం సాకు కింద లెక్క.

వినియోగ:
దీన్ని మాత్రం ఈయన ఫిర్యాదులో కలపొద్దు. లోపలికి వెళ్ళలేదన్నవాళ్ళు షో తొందరగా అయిపోయిందని రాస్తే, అవతలి లాయర్ మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే.

ఎల్ఎండీ_గట్టు:
సరే. ఇన్వాయిస్ దొరికింది, నంబర్ 27తోని ఉంది. బావ రేపు మెయిల్ పెడ్తనన్నడు. థాంక్స్ అన్నా.

గేట్_నంబర్_4:
రేపు కాదు, ఈ రాత్రే పెట్టించండి. స్కాన్ లాగ్ వచ్చాక అందులో ఏ గేటు అన్నది ఉందో లేదో ఇక్కడ రాయండి.

బీచ్‌రోడ్:
పార్కింగ్‌కి తీసుకున్న 500 కూడా ఇదే ఫిర్యాదులో అడగొచ్చా? అది వేరే కాంట్రాక్టర్ అనుకుంటా.

ఒక్కమాట:
రసీదు ఉందా?