బ్యాండ్‌విడ్త్ లెక్కకు వీఎన్‌స్టాట్ చాలదా? ప్యాకెట్లన్నీ పట్టాల్సిందేనా?

అరండల్‌పేట అడ్మిన్
గుంటూరు మిర్చి కమీషన్ వ్యాపారులు ఆరుగురికి కలిపి ఒక లినక్స్ సర్వర్ చూస్తున్నాను. సరుకు ఫొటోలు, రోజువారీ ధరలు అందులో ఉంటాయి. నెలకు 2 టెరాబైట్లు దాటితే అదనపు రుసుము. డేటా రాకపోకల లెక్క చూపే వీఎన్‌స్టాట్ 1.86 చూపిస్తోంది, హోస్టింగ్ సంస్థ బిల్లులో 2.07 ఉంది. వీఎన్‌స్టాట్‌ను నమ్మొద్దు, ప్యాకెట్లను (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కలను) ఒక్కొక్కటిగా పట్టే టీసీపీడంప్‌ను రాత్రింబగళ్లు నడిపి లెక్కకట్టు అంటున్నాడు మా భాగస్వామి. నాకు అది అతిగా తోస్తోంది. మీరేమంటారు?

లబ్బీపేట లినక్స్
ముందు ప్రమాణాలు చూడండి. మామూలు అమరికలో వీఎన్‌స్టాట్ చూపేది 1024 లెక్కన, అంటే టెబీబైట్లు. బిల్లు 1000 లెక్కన అయితే మీ 1.86 కాస్తా 2.045 అవుతుంది. తగాదా మిగిలింది 25 గిగాబైట్ల దగ్గరే. హోస్టింగ్ సంస్థ పోర్టల్ నెలను యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ముగిస్తే మన ఒకటో తేదీ ఉదయం 5:30 వరకు పాత నెలే. అక్కడ కొంత తేలుతుంది.

వీఎన్‌స్టాట్ సొంతంగా ఏదీ కొలవదు. కెర్నల్ (లినక్స్ మూల భాగం) ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ (నెట్‌వర్క్ ద్వారానికీ) పెట్టుకున్న బైట్ల కౌంటర్‌ను చదివి దాచుకుంటుంది, అంతే. ఆ కౌంటర్‌ను కాదని టీసీపీడంప్‌ను నమ్మడం నాకు వింతగా ఉంది. రద్దీ పెరిగితే టీసీపీడంప్ ప్యాకెట్లు వదిలేస్తుంది. ఆపినప్పుడు ఎన్ని వదిలేసిందో అదే చెబుతుంది కూడా!

కొత్తపేట కుర్రాడు
డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపేది) ఉందా? ఉంటే ఇంటర్‌ఫేస్‌లన్నీ కూడకండి. ఒకే బైటు డాకర్ లోపలి బ్రిడ్జి మీద ఒకసారి, బయటి కార్డు మీద మరోసారి లెక్కకొస్తుంది. బయటి కార్డు ఒక్కటే చూడండి. ఇక స్విచ్ దగ్గర కొలిస్తే ఫ్రేమ్ (తీగ మీద ప్యాకెట్‌ను మోసే పొర) చివరి 4 బైట్ల చెక్‌సమ్ (తప్పులు పట్టే అంకె) కూడా కలుస్తుంది, యార్డు కాటా మీద గోతం బరువు కలిసినట్టు. చాలా డ్రైవర్ల లెక్కలో అది ఉండదు.

పటమట పహరా
మొత్తం ఎంతో తేలింది, సంతోషం. అదనపు రుసుము ఆరుగురిలో ఎవరు కట్టాలి? వీఎన్‌స్టాట్ ఆ మాట ఈ జన్మలో చెప్పదు. టీసీపీడంప్‌లో స్నాప్ నిడివి (ఒక్కో ప్యాకెట్‌లో దాచే భాగం) 96 బైట్లు పెట్టండి, హెడర్లు (ప్యాకెట్ ముందుండే చిరునామా వివరాలు) మాత్రమే దాస్తుంది. ప్యాకెట్ అసలు పొడవు ఎలాగూ నమోదవుతుంది. డిస్కు నిండుతుందన్న భయం చాలావరకు పోతుంది.

లబ్బీపేట లినక్స్
పహరా గారూ, ఆరు సైట్లూ ఒకే ఐపీ మీద, ఒకే 443 పోర్టులో (సురక్షిత వెబ్ రాకపోకల ద్వారంలో) ఉంటే హెడర్లలో మీకు దొరికేది ఏమిటి? ఆ ఆరింటికీ అవి ఒకేలా కనిపిస్తాయి. ప్రోగ్రాముల వారీగా వాడకం చూపే నెట్‌హాగ్స్ పెట్టినా ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ ప్రోగ్రాము) అనే పేరు దగ్గరే ఆగుతుంది. ఎవరి వాటా ఎంతో ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లోనే తేలుతుంది. ఒక్కొక్క అభ్యర్థనకు పంపిన బైట్లు అందులో రాయించుకుని సైటు వారీగా కూడితే చాలు. టీసీపీ హెడర్లు, మళ్లీ పంపిన ప్యాకెట్లు అందులో ఉండవు కాబట్టి మొత్తం బిల్లుతో సరిపోదు, నిష్పత్తి మాత్రం దాదాపు సరిపోతుంది. రుసుము పంచడానికి కావలసింది నిష్పత్తే కదా.

పటమట పహరా
లాగ్‌లోకి వచ్చినదాని సంగతి మీరు చెప్పారు. రానిదాని సంగతి? ఫైర్‌వాల్ తోసేసిన ప్యాకెట్ ఎన్‌జిన్‌ఎక్స్ దాకా పోదు, కానీ కార్డు దాటి లోపలికి వచ్చేసింది. కౌంటర్‌లో ఉంటుంది, లోపలికి వచ్చేదానికీ డబ్బు తీసుకునే సంస్థ అయితే బిల్లులోనూ ఉంటుంది. ఎవరో పనిలేనివాడు రాత్రంతా చెత్త పంపితే ఆ భారం ఏ వ్యాపారి ఖాతాలో రాస్తారు?

లబ్బీపేట లినక్స్
దానికి లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో తోసేసే నియమానికి ఒక కౌంటర్ జోడిస్తే సరి. ప్యాకెట్లు ఎన్నో, బైట్లు ఎన్నో అదే చెబుతుంది. సర్వర్‌కు అదనపు బరువు దాదాపు ఉండదు.

పటమట పహరా
ఎన్ని బైట్లో చెబుతుంది, ఎవరు పంపారో చెప్పదు. హోస్టింగ్ సంస్థతో వాదించాలంటే చేతిలో ఐపీ చిరునామాలు ఉండాలి.

అరండల్‌పేట అడ్మిన్
ఒప్పందం తీసి చూశాను. బయటికి వెళ్లేదానికే రుసుము అని ఉంది. నేను రాసిన 1.86 రాకపోకలు రెండూ కలిపిన అంకె. బయటికి వెళ్లింది ఒక్కటే తీస్తే ఇంకా తక్కువ, టెరాబైట్లలోకి మార్చినా 2 దాటడం లేదు. మరి వాళ్లు ఏది కూడారో రాతపూర్వకంగా అడిగాను. లాగ్‌లో బైట్లు, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ కౌంటర్ ఈ రాత్రే పెడుతున్నాను. టీసీపీడంప్ మాత్రం వద్దు.

పటమట పహరా
మీ ఇష్టం. దాడి జరుగుతున్నప్పుడు పది నిమిషాలైనా నడపండి. తర్వాత పట్టడానికి ప్యాకెట్లు ఉండవు.