లిస్టింగులో 2,900, కౌంటీ రికార్డులో 2,480. కేసు వేయొచ్చా?

అందరికీ నమస్కారం. మేము డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఫ్రిస్కోలో ఒక ఇంటికి కాంట్రాక్ట్ మీద సంతకాలు అయ్యాయి. ఆప్షన్ పీరియడ్ (కాంట్రాక్ట్ రద్దు చేసుకునే వీలున్న గడువు) 7 రోజులు, ఇవాళ నాలుగో రోజు. లిస్టింగులో, అంటే ఇంటి అమ్మకం ప్రకటనలో, 2,900 చదరపు అడుగులని ఉంది, కాలిన్ కౌంటీ అప్రైజల్ సైట్లో 2,480 చూపిస్తోంది. ఏజెంట్ "ఇలాంటి తేడాలు మామూలే" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సెల్లర్ మీద కేసు వేయొచ్చా?

* * *

తమ్ముడూ, కేసు మాట పక్కన పెట్టు. ఇప్పుడు నీ చేతిలో ఉన్న హక్కు క్లోజింగ్ (డబ్బు కట్టి ఇల్లు మన పేరు మీదకి రావడం) అయ్యాక ఏ లాయరూ తెచ్చివ్వలేడు. టెక్సస్‌లో ఆప్షన్ పీరియడ్ ఉన్నంతవరకు కారణం చెప్పకుండానే కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. ఆ గడువు కోసం కట్టిన ఆప్షన్ ఫీజు పోతుంది, ఎర్నెస్ట్ మనీ (బయానా) వెనక్కి వస్తుంది. చివరి రోజు సాయంత్రం 5 గంటల లోపు నోటీసు రాతపూర్వకంగా వెళ్లాలి, ఫోన్లో చెప్తే చెల్లదు. టైమ్ చాలదనిపిస్తే గడువు పెంచమని ఇవాళే అడుగు. ఆ కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడేదాకా పెరిగిందనుకోకు.

420 అడుగులంటే ఒక పెద్ద గదంత తేడా, మామూలు అని వదిలేసేది కాదు. గ్యారేజీని గదిగా మార్చారేమో, దానికి పర్మిట్ ఉందో లేదో సిటీలో కనుక్కో. కౌంటీ అంకె కూడా తప్పు కావచ్చు, అది పన్ను కోసం వేసిన లెక్క. లైసెన్స్ ఉన్న అప్రైజర్ చేత కొలిపించు. లిస్టింగు మొత్తం తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచుకో, రేపు మార్చేయొచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మేము కొన్న ఇంటి లిస్టింగులో ఒక స్కూల్ పేరు వేశారు, ఆ స్కూల్ కోసమే కొన్నాం. క్లోజింగ్ అయ్యాక తెలిసింది, ఆ స్కూల్ వీధికి అవతలి వైపు ఇళ్లకి, మా వైపుకి వేరేది. లాయర్ దగ్గరికెళ్తే ఆయన లిస్టింగు అడుగున చిన్న అక్షరాలు చూపించారు: వివరాలు కొనేవారే సరిచూసుకోవాలి అని. స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్లో మా అడ్రస్ కొట్టి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. కేసు నిలబడదన్నారు. మా పాప ఆ ఏడాదంతా ఏడ్చింది.

* * *

థాంక్స్ అక్కా. ఒకవేళ కొన్నాక ఏదైనా బయటపడితే? కాంట్రాక్ట్‌లో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాం) అని ఉంది, ఇక దారి లేనట్టేనా?

* * *

ఉంది. యాజ్ ఈజ్ అని రాసుకున్నంత మాత్రాన మోసానికి రక్షణ దొరకదని టెక్సస్ సుప్రీం కోర్టు 1995లోనే చెప్పింది. అయితే సెల్లర్‌కి తెలిసీ దాచాడని నువ్వు చూపించాలి, కష్టమంతా అక్కడే. అందుకే సెల్లర్స్ డిస్‌క్లోజర్ నోటీసు, అంటే ఇంటి పరిస్థితి గురించి సెల్లర్ రాసిచ్చే కాగితం, అక్షరం అక్షరం చదువు. పైకప్పు, ఫౌండేషన్, గతంలో వరద నీళ్లు రావడం, అన్నీ అందులో తెలిసినంతవరకు రాయాల్సిందే. అది కాంట్రాక్ట్‌కి ముందు ఇవ్వకపోతే, చేతికందిన 7 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు కూడా ఉంది.

కేసంటూ వస్తే రియల్ ఎస్టేట్ మోసాలకి ప్రత్యేక చట్టం ఉంది, డీటీపీఏ అనే వినియోగదారుల చట్టమూ ఉంది. రెండోదానికి గడువు 2 ఏళ్లే, దావాకి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నష్టం 20,000 డాలర్లలోపైతే జస్టిస్ కోర్టు సరిపోతుంది. రియల్ ఎస్టేట్ కమిషన్‌కి ఫిర్యాదు చేస్తే ఏజెంట్ లైసెన్స్ మీద చర్య తీసుకోవచ్చు, అంతేగానీ నీ డబ్బు దానితో రాదు.

* * *

అక్కా, అప్రైజర్ రేపు పొద్దున వస్తానన్నారు.

* * *

మంచిది. రద్దు నోటీసు ఏజెంట్ చేత ఇప్పుడే రాయించి సిద్ధంగా పెట్టుకో. కొలత చేతికొచ్చాక ధర తగ్గించమని అడుగు, ఒప్పుకోకపోతే చివరి రోజు సాయంత్రం 5 గంటలు కాకముందే ఆ నోటీసు పంపించెయ్యి.